పడవల సెలవు

ఆషాఢం మొదటి వానకు
పన్నెండు దోనెలు ఒడ్డుకు గుంజి బోర్లిస్తం.
ఆ రోజు నుంచి మడుగుకు బాలింత పథ్యం.
మోటరు లేదు, వల లేదు, పాట లేదు,
మేము కూడ లేము.

సిరొంచ దిక్కు నుంచి జీపులు అయినా వస్తయి.
గోదారి మీద వంతెన పడ్డంక
పట్నం మాకు పొద్దటి చాయంత దగ్గర.
"రెండు వేలిస్తం, ఒక్క చుట్టు" అంటడు కండ్లద్దాలాయన.
"జాకెట్లు ఉతికి ఆరేసినం సారూ" అంటది తలాండి మాసక్క,
దండెం మీద నారింజ రంగు మనుషులను చూపించి.
ఖాళీ మనుషులు. గాలికి ఊగుతరు.

ఈ చేతులు మీకు తెలువయి.
ఏడేండ్లు కౌలుదార్ల మిరపతోటల
కాయ ఏరిన చేతులివి.
రాత్రి నిమిరితే పిల్ల ఏడ్చేది.
దాని కంట్ల నలుసు పడితే
పక్కింటామెను పిలిచేదాన్ని.
ఆ తోటల పైపులే మడుగుల నోరు పెట్టి తాగినయి.
ఒక మాఘంల నీళ్లు మోకాలి కిందికి దిగి
నత్తగుల్లలు ఎండకు పలిగినయి.
కొంగలు ఒక పూట నిలబడి చూసి
లేచిపోయినయి.

పైపులు ఎట్ల తీయించినమో పొడుగు కథ.
మునుం పట్టి పోయినం, ఏరనీకి పోయినట్టే.
ఒక్క కాయ ఏరలే.
గట్టు మీద కూసున్నం, నాలుగు రోజులు,
పండు మిరప చెట్టు మీదనే తాలయ్యేదాక.

తర్వాత దోనెలు.
తర్వాత మరాఠీ, తెలుగు, మా గోండి, మూడు భాషల బోర్డు,
అండ్ల ఒక అచ్చుతప్పు, ఇప్పటికీ ఉన్నది.
తర్వాత ఈ సెలవు లొల్లి.
ఇప్పగింజ వేస్తే సెలవు, చింతగింజ వేస్తే పడవ.
చాటల ఇరవై మూడు ఇప్ప, ఒక్కటి చింత.
ఎవరిదని అడగలే ఎవ్వరం.
సుక్కే లేచింది.
"నాదే. అహేరిల నా బిడ్డ హాస్టలు
వానకాలమని ఫీజు మాఫ్ చేయదు."
చానసేపు చాట అట్లనే ఉన్నది నడుమ.
సంఘం పెట్టెల నుంచి సగం ఇచ్చినం.
సగం ఇయ్యలేకపోయినం.

ఇప్పుడు కాపలాకు
అందరికంటె ముందు వచ్చేది సుక్కే.
గొడుగు తెస్తది. కోపం కూడ తెస్తది.

నిన్న నాకు చూపించింది:
తామరాకు మీద నాలుగు గుడ్లు, పాత రాగి రంగు.
వాటి మీద పొడుగుతోక పిట్ట, మగది.
ఆడది పెట్టి పోతది,
పొదిగేది, పిల్లలను రెక్క కింద మోసేది తండ్రే.
చలికాలం ఈ ముచ్చట చెప్పినప్పుడల్ల
పడవల ఆడోళ్లు నవ్వుతరు,
మగోళ్లు దుర్భిణి సర్దుకుంటరు.

నిన్న నవ్వలే మేము.
వాన పెరిగింది. ఆకు అంచు మునిగింది.
పిట్ట ఒక్కొక్క గుడ్డును ముక్కుతోని రొమ్ముకు అదుముకొని
వెనక్కి వెనక్కి నడిచి
పక్క ఆకు మీదికి జరిపింది.
ఒకటి. రెండు. మూడు.
నాలుగోది జారింది,
బుడుంగున కూడ అనలే.

సుక్కి చెయ్యి సగం లేచి ఆగింది.
"సగం కంటె నయమే" అన్నది,
నా దిక్కు చూడకుండ.

మేము గట్టు దిగి వచ్చేసరికి
జీపు పోయింది.
దండెం మీద జాకెట్లు మళ్ల తడిసినయి.
ఎవ్వరూ తీయలే.