గోడ పక్కన గురువారం

గురువారం మూడో పీరియడ్‌కి
నా కడుపునొప్పి టైముకి వచ్చేస్తుంది.
నెమురో బస్సైనా
ఇంత కచ్చితంగా రాదు.

"మళ్లీనా, చిగుసా?" అంటారు ఓనుకి మాస్టారు.
అబద్ధం కాదండీ.
రెండో పీరియడ్ లెక్కల మధ్యలోనే మొదలవుతుంది,
బొడ్డు కింద ఎవరో కూర్చుని
తడి తాడు పేనుతున్నట్టు.

నొప్పి ఉన్నవాళ్లు డ్రిల్లు హాల్లో గోడ పక్కన
మోకాళ్లు వాటేసుకుని కూర్చోవాలి.
నేల మంచుగడ్డ. కిరసనాయిలు పొయ్యి ఆ మూల.
చూసింది చూసినట్టు కాగితం మీద రాసివ్వాలి.
అదే మాకు హాజరు.

హాలు మధ్యలో పెట్టె.
ఒకదాని నెత్తిన ఒకటి ఏడు చెక్క అరలు,
పైన తెల్ల కాన్వాసు, ఎన్నో అరచేతుల మురికితో.
దూరం నుంచి పరిగెత్తుకొచ్చి
రెండు చేతులూ ఆనించి
కాళ్లు ఎడంగా చాపి అవతలికి దూకాలి.
ఇంతే.
ఇంతేనని దూకేసినవాళ్లు చెబుతారు.

పోయిన నెల నేనూ పరిగెత్తాను.
స్ప్రింగు పలక దాకా బాగానే వెళ్లాను.
ఆ తర్వాత సంగతి నా కాళ్లనడగాలి.
పెట్టె మీద కూర్చుండిపోయాను,
కిటికీ సీటు దొరికినదానిలా.

నవ్వినా బాగుండేది.
నవ్వుకి నా దగ్గర మందుంది, నేనూ నవ్వేస్తాను.
వాళ్లు చప్పట్లు కొట్టారు.
"నీవల్లవుతుంది చిగుసా, నీవల్లవుతుంది"
ముప్పైయొక్క మంది, ఒకే తాళంలో.
నేను దూకేదాకా ఇంకెవరి వంతూ రాదని
మాస్టారు ఎంతో ప్రేమగా చెప్పాక.

నాలుగుసార్లు వెనక్కి నడిచాను.
నాలుగుసార్లు కూర్చున్నాను.
ఐదోసారికి చప్పట్లకి ఆయాసం వచ్చింది.
ఎవరో గడియారం చూశారు.
గంట కొట్టింది.
అంత మంచితనాన్ని భుజానేసుకుని
ఆ సాయంత్రం ఇంటికి నడిచాను.

అప్పట్నుంచీ ఈ గోడ.

ఈరోజు చూసినది:
కురేహా ఏడో అర దాటింది. ఎనిమిదోది వేశారు. అదీ దాటింది.
పరిగెత్తే ముందు బొటనవేలి గోరు కొరుక్కుంటుంది.
దాటాక నవ్వదు.
తొమ్మిదోది తెస్తున్న చేతులవంక చూస్తుంది.

షుంటారో లోపలి బూట్ల మీద పేరు చెరిపేసి ఉంది.
అన్న బూట్లు. రెండు సైజులు పెద్దవి.
పడ్డాడు.
బూట్ల మాట చెప్పలేదు, "నాకు రాదు" అన్నాడు.

పరుపు సర్దడానికి వంగినప్పుడల్లా
మాస్టారు కుడి మోకాలు పట్టుకుంటారు.
ఎవరూ చప్పట్లు కొట్టరు.

ఇంతవరకే రాశాను.
రాయనిది ఒకటుంది.

జూలైలో మా ఒడ్డున కొంబు ఎండబెడతాం.
సముద్రపు ఆకు, నా మూడింతల పొడవు,
తడిమీద ఉంటే దున్నపోతంత బరువు.
గులకరాళ్ల మీద ఒక్కొక్కటే పరుస్తూ పోవాలి,
మడత పడితే ధర పడిపోతుంది.
ఆవేళ సగం ఎండిందో లేదో
పొగమంచు వెనకనుంచి చినుకు.
"వానే!" అని అమ్మమ్మ ఒక్క కేక.
మేం తలో దిక్కూ పరిగెత్తాం, పిన్ని పిల్లలూ, కుక్కా.
చివరి వరస పడవకి అవతల ఉంది.
రంగు వేయడానికి బోర్లించిన పడవ.
చుట్టూ తిరిగి వెళ్లే వ్యవధి లేదు.

దూకానని
అవతల నేలకి కాళ్లు తగిలాక తెలిసింది.

ఎవరూ చూడలేదు.
అమ్మమ్మ చూసింది గానీ
"ఆ కొస పట్టుకో, ఆ కొస!" అంది, అంతే.
ఎన్ని అరల ఎత్తో
ఇప్పటికీ కొలవలేదు.

కాగితంలో రాస్తే మాస్టారు సంతోషిస్తారు. నిజంగా సంతోషిస్తారు.
వచ్చే గురువారానికి
పడవని హాల్లోకి మోయించుకొస్తారు.