కుట్లు బయటికి

పద్నాలుగేళ్లు ఎండని తప్పించుకు తిరిగాను.
చిక్కడపల్లి సందులో ఏ గోడ నీడ
ఏ గంటకి ఎటు జరుగుతుందో నాకే తెలుసు.
మబ్బు పట్టిన రోజు కూడా గొడుగే.
"వానెక్కడుంది హైమావతీ" అని నవ్వేవాళ్లు.

లూపస్ అంటే ఏంటని అడిగినవాళ్లకి
ఒకటే చెప్పేదాన్ని:
కాపలాకి పెంచుకున్న కుక్క
ఇంట్లోవాళ్లనే కరుస్తోంది, అని.
మొన్న కార్తీకంలో రొమ్ములో గడ్డ బయటపడింది.
ఇన్నేళ్లూ నా మోకాళ్లు పీకిన కుక్క
అసలు దొంగొచ్చిన రాత్రి
తోకాడించి పడుకుంది.

ఇప్పుడు రోజూ పొద్దున
రెడ్‌హిల్స్‌లో ఆస్పత్రి నేలమాళిగకి దిగుతాను.
ఎండ పడని చోటికి,
కరెంటు పెట్టించుకోడానికి.

నస్రీన్ నా ఎదమీద ఊదారంగు గీతలు గీసింది.
ముప్పయ్యేళ్లు సుద్దముక్క పట్టినదాన్ని,
చంక దగ్గర గీత కాస్త వంకర పోయింది,
నేనైతే చెరిపి మళ్లీ గీసేదాన్ని.
నోరు మూసుకున్నాను.
"స్నానంలో రుద్దకు అప్పా. ఊపిరి పట్టు. హిలో నక్కో."

పదకొండో రోజుకి గీతల మధ్య రాణిరంగు.
పదహారుకి కింది మడతలో తోలు లేచి తడి.
వేళ్లు వాచి సూదిలో దారం ఎక్కదు.
ముక్కుకి అటూ ఇటూ
పాత సీతాకోకచిలుక మళ్లీ వాలింది.

రేడియేషన్ డాక్టరు చూసి, ఇది మీ లూపస్, అన్నాడు.
కీళ్ల డాక్టరమ్మ చూసి, ఇది రేడియేషన్, అంది.
ఇద్దరి చీటీలూ ఒకే సంచిలో వేసుకుని
లకడీకాపూల్ మెట్రో మెట్ల కింద కూర్చున్నాను.
పక్కనే ముంజలు.
చెమటకాయలకి ముంజనీళ్లు రాసేది మా అమ్మ.
"సొంతంగా ఏమీ పుయ్యొద్దు":
రెండు చీటీలూ ఒప్పుకున్న సంగతి అదొక్కటే.
తినేశాను.
గుటక దిగినంతమేరా మంట.

నాలుగు రోజులు ఆపుదామన్నారు.
"ఆపితే రోగానికి బలమా? ఆపకపోతే తోలుకి చేటా?"
డాక్టరమ్మ పెన్ను మూత పెట్టింది, తీసింది.
"మీలాంటివాళ్లు తక్కువమంది.
చూసుకుంటూ నడవాలి, అంతే."
తెలీదన్న మాట ఇంత మర్యాదగా
నాకెవరూ చెప్పలేదు.

ఆ నాలుగు రోజుల్లో
మెత్తబడిన మల్లుగుడ్డ కత్తిరించాను.
ఎండకోసం చేతులు మోచేతులు దాటించి,
చంకలో వదులు విడిచి,
హుక్కులు కుడిపక్కకి మార్చి,
ఒక్క దారప్పోగు ఒంటిని ఒరుసుకోకుండా
కుట్లన్నీ బయటికి.
దారం ఎక్కించింది ఎదురింటి పిల్ల,
తెగినప్పుడల్లా వచ్చి.

పదిహేడో రోజు.
బస్సులో వెనక సీటావిడ
భుజం తట్టబోయి, ఆగి,
చెవి దగ్గరికొచ్చింది:
"అమ్మా, జాకెట్ తిరగేసి వేసుకున్నారు."

"తెలుసండీ," అన్నాను,
"నేనే కుట్టాను."

స్టాపు వచ్చింది.
ఫుట్‌బోర్డు మీదే గొడుగు విప్పుకుని
దిగాను.