కూర్చుని వినాలి

పొద్దున్నే లీమా ఆకాశం బూడిద పూసుకునే ఉంది.
నేను రంపపు పొట్టు ఊడుస్తున్నాను.
ఎర్మెలిందా వచ్చింది,
చంకలో వంటింటి బల్ల సొరుగు.

"నలభై ఏళ్లు దీని మీదే వాయించాను.
అడుగు ఊడింది.
దీని గొంతున్న కహోన్ ఒకటి చూపించు."

మా మేస్త్రీ సెనోబియో సొరుగు తిప్పి చూశాడు.
మూలల్లో ఇంకా జీలకర్ర వాసన.
రేవులో పండ్లపెట్టెలు వాయించినవాళ్ల మునిమనవడు,
నవ్వలేదు.
గోడవార ఉన్న పెట్టెలన్నీ
ఒక్కొక్కటే నడిమికి లాగాడు.

మెరుగు పెట్టినదాన్ని ఆమె ముట్టనే లేదు.
"పెళ్లికొడుకు బూట్లలా ఉంది."
పక్కదాన్ని వేలి కణుపుతో తట్టింది.
లోపల తీగలు జరజరమంటే మొహం చిట్లించింది.
"ఎవరిదీ దగ్గు?"
తీగలు స్పెయిన్ వాళ్ల ముచ్చటని నేను చెప్పబోతే
మేస్త్రీ నా కాలు తొక్కాడు.

తర్వాతది దేవదారు.
నడుమ కొడితే నిండు కడవ,
పై అంచున కొడితే ఎండుటాకు.
వెనక చిల్లులోంచి చెయ్యి పోనిచ్చి
అతుకులన్నీ తడిమింది,
పొదిగే కోడి కింద గుడ్లు లెక్కపెట్టినట్టు.
ముందు పలకకి పైన రెండు మరలు
అరచుట్టు వదులు చేయించింది.
మళ్లీ కొట్టింది.
పలక పెదవి విడి చిటుక్కుమంది.

"చేతులతో కాదమ్మా," అన్నాడు మేస్త్రీ.
"కూర్చుని వినాలి."

కూర్చుంది.
పాదాలు నేలకి నాలుగు వేళ్ల ఎత్తున వేలాడాయి.
డెబ్బై ఏళ్ల మనిషి,
బడి బల్ల మీద పిల్లలా.
నేల అందనివాళ్లకి తాళమూ అందదు.

"కొయ్యి," అంది.
"కోస్తే గొంతు సన్నబడుతుంది."
"నాది సన్నబడలేదా? కొయ్యి."

కోసింది నేనే.
రంపం కంటే నా చెయ్యే ఎక్కువ వణికింది.
అడుగు పలక మళ్లీ అతికాం.
రాత్రంతా బిగింపుల్లో ఆరింది.

మర్నాడు బస్సు దాకా మోసుకెళ్లాను.
కండక్టర్ పెట్టెకి టికెట్టు అడిగాడు.
"సామాను కాదు నాయనా, కుర్చీ," అని
సీట్ల మధ్య దారిలో వేసుకుని కూర్చుంది,
పాదాలు రెండూ నేల మీద.
బస్సు గతుకులో దిగింది.
తలుపు మూసుకునేలోపు మూడు దెబ్బలు వినబడ్డాయి,
బస్సువో, ఆమెవో.

సొరుగు మా కొట్లోనే వదిలేసింది.
అడుగున అట్టముక్క వేసి
మరలు పోసుకుంటున్నాను.
సాయంత్రం అన్నం తినబోతే
చేతికి జీలకర్ర.