నలభై నాలుగు జతలు

రామాయపట్నానికి ఇవతల, సరుగుడు తోపు దాటాక,
నీలం పట్టలు కప్పిన హేచరీలో
రాత్రి డ్యూటీ నాదీ, కావమ్మదీ.

తల్లిరొయ్య వెన్నులో
ఆకుపచ్చ తాడులా అండాశయం.
టార్చి వేసి ఆ నీడ మందం చూస్తుంది కావమ్మ.
"ఇది ఈ రేత్రికే పెడతాది షరీఫా,"
అంటే పెడుతుంది. నా మూడేళ్లలో తప్పలేదు.

నాలుగు రోజుల కింద
దాని ఒక కంటికాడని చిదిమింది కూడా తనే.
ఇప్పుడే వద్దు, ఇంకా ఆగు అనే రసం
కంటికాడలోనే ఊరుతుందట.
ఒక కన్ను పోతే
ఆపే గొంతు సగమవుతుంది.

కావలిలో బీఎస్సీ చదివేటప్పుడు
ఈ భాగోతమంతా బట్టీ పట్టాను.
జత క్రోమోజోములు, తల్లి తరఫుదొకటి తండ్రి తరఫుదొకటి,
పొడుగునా ఒకదాన్నొకటి ఆనుకుంటాయి.
తెగిన చోట అటు ముక్క ఇటు అతుక్కుంటుంది,
ఇటుది అటు.
ఆ తర్వాత విడిపోవాలి.
అండం మాత్రం విడిపోదు, ఆగుతుంది,
ఒకదాన్లో ఒకటి చిక్కుకున్న రెండు వలల్ని
ఒడ్డునే కుప్పేసి
ఇంకో పనికి పోయినట్టు.
సొన కూడబెట్టుకోవడం, ఒళ్లు పెంచుకోవడం,
అదే ఆ ఇంకో పని.
పుస్తకంలో ఇదంతా ఒక్క వాక్యం.
రెండు మార్కులు.

రెండుంబావుకి
అడుగు నుంచి పైకి లేచింది రొయ్య.
ఈదుతూ ఈదుతూ
వెనకాల పొగలా వదిలింది గుడ్లు.

ఉప్పునీళ్లు తగిలాక
ఇక ఆగడం ఉండదు.
గాజుపలక మీద ఒక చుక్క తీసి
లెన్సు కింద పెట్టాను.
రంగు వెయ్యందే క్రోమోజోములు కనపడవు.
అయినా తెలుసు, ఆ మసక గుండ్రంలో ఎక్కడో
నలభై నాలుగు జతలు
గీత గీసి నిలబెట్టినట్టు నిలబడి ఉన్నాయని.
అటు నలభై నాలుగు, ఇటు నలభై నాలుగు.
లెక్కలో ఒక్కటి తేడా రాదు.
కానీ గీత గీసింది అంచున.
సొనంతా ఇటే ఉండిపోయింది.
అటు పోయినవాటికి దక్కింది
గుడ్డు పక్కన ఒక బుడిపె,
ఆవగింజకి అంటిన నలుసంత.

"ఏందది?" కావమ్మ
చెంగుతో చెయ్యి తుడుచుకుని ఒంటికన్ను మూసింది.
"ధ్రువకణం. గుడ్డుకి అక్కరలేని సగం."
"దాన్లో ఎన్ని?"
"నలభై నాలుగే."
"దీన్లో?"
"నలభై నాలుగే."
"మరి అక్కర్లేదంటావేంది?"

పుస్తకంలో జవాబుంది.
రెండు గుడ్లూ అరకొరగా బతికే బదులు
ఒక గుడ్డుకే చద్దన్నం అంతా కట్టి పంపడం.
నేను చెప్పబోయేలోగా రెండో బుడిపె బయటికొచ్చింది.
"ఇంకోటి కూడానా!" అంది.

కాసేపు మోటారు చప్పుడే.

"నేనూ జతగా పుట్టినదాన్నే.
మాయమ్మకి పాలు ఒకరికే చాలినాయంట."
పైపు తిప్పి నీళ్లు సన్నగా వదిలింది.
"పేరు గూడా పెట్టలా దానికి.
పేరు పెట్టే నాటికి లేదు గదా."

రిజిస్టరు తెరిచాను.
గుడ్లు: మూడు లక్షల ఇరవై వేలు.
ఉప్పు: ముప్పై రెండు. వేడి: ఇరవై తొమ్మిది.
పక్కన "రిమార్కులు" అని ఒక గడి ఉంటుంది,
కరెంటు పోయిందనో, పంపు చెడిందనో రాయడానికి.
పెన్ను అక్కడ పెట్టి తీసేశాను.
సిరా చుక్క మాత్రం దిగింది.

"కడిగెయ్యి ఆ పలక, ఆరిపోయింది," అంది కావమ్మ.
తల్లిరొయ్యని వలతో లేపి తొట్టిలో వేసింది.
అది ఉన్న కంటితో
ఒకే వైపుకి తిరుగుతా ఉంది,
తిరుగుతా ఉంది.