రబ్బరు కప్ప

అరచేతిలో పట్టేంత పొట్లం.
ఒక మూల చీనా అక్షరాలు, పక్కన ఇంగ్లీషు,
దాని మీద ఏ ఊళ్లోనో అంటించిన పసుపు కాగితం:
వసూలు చేసి ఇవ్వవలెను.
చిరునామా మాత్రం ఎవరో ఒడియాలో తిరగరాశారు.
గేదెల తవిటయ్య, ఏటివీధి, కాశీనగర్.

నేను సైకిలు దిగేసరికి
గుమ్మంలో కూచుని గాలపు దారం చిక్కు తీస్తున్నాడు.
నెల రోజులుగా రోజూ ఒకటే ప్రశ్న,
"కుముదినీ, నా కప్ప వచ్చినాదేటే?"

వీధి వీధంతా నవ్వింది.
రెండు చినుకులు పడితే చాలు
మడి గట్ల మీద వేల కప్పలు ఊరికే గొంతు చించుకుంటాయి,
ఈయన సముద్రం అవతల నుంచి ఒకదాన్ని తెప్పించుకుంటున్నాడని.
మనవడి ఫోనులో చూశాడు మరి.
నీటి మీద లాగితే కాళ్లు ఆడిస్తుంది,
కొర్రమట్ట ఎంత పెద్దదైనా దాన్ని చూసి ఆగలేదు.
ఖరీదు నూట ఎనభై.

"తాతా, రెండొందల ఆరు కట్టాలి."
"కట్టీసినాను గదే, ఫోనులోనే."
"అది కప్పకి. ఇది పన్ను."

ఆయన నా వైపు చూడలేదు. పొట్లం వైపు చూశాడు,
దారిలో తనకి తెలీకుండా అదేమైనా తిన్నదేమో అన్నట్టు.
"తోక లేని జంతువుకి ఇంత తోకేటే!"

రసీదు చదవమన్నాడు. చదివాను.
సుంకం. సుంకం మీద సెస్సు.
ఆ రెండూ కలిపిన దాని మీద ఇంకో పన్ను.
విప్పి చూసి మళ్లీ అంటించినందుకు రుసుం.
"నా పొట్లం ఇప్పినోడికి కూలి నానిత్తానా?"

తర్వాత ఏటి వైపు తిరిగి, ఎవరికో చెబుతున్నట్టు చెప్పాడు.
ఆ రోజుల్లో అవతలి గట్టున వెదురు గడ ఒకటి అడ్డం ఉండేదట,
గడ పక్కన ముక్కాలిపీట, పీట మీద బంట్రోతు.
వాళ్ల నాన్న రేవు తప్పించి, చీకట్లో,
నెత్తిన బెల్లం కుండతో నడుం లోతు నీళ్లలో దాటేవాడట.
కాలు జారిన రాత్రి సగం బెల్లం వంశధారే తాగేసేది.
గడ పుచ్చుకున్నది ఎక్కువో, ఏరు పుచ్చుకున్నది ఎక్కువో
ఎవరూ లెక్క రాయలేదు.
"గడని సూత్తే తెలిసీది, ఇక్కడ ఆపుతారని.
ఈ గడ ఎక్కడున్నాదే?"

నా సంచీలోనే ఉందని అనలేకపోయాను.

గాలాల కొట్టు పైడిశెట్టి ఈ మాట విని సంతోషించాడు.
"మంచి పని! అద్దె కట్టి, కరెంటు కట్టి నేను కొట్టు తెరిస్తే
పడుకున్న మంచం మీంచి కప్పలు కొంటారా?"
అదీ అబద్ధం కాదు.
ఆయన వెనక అలమరలో గాలాల డబ్బాలు వరసగా ఉన్నాయి,
వాటి మీదా అవే చీనా అక్షరాలు.

తవిటయ్య మొలలోంచి తీశాడు,
చెమటకి మెత్తబడ్డ వంద, ఆపైన యాభై, ఇరవైలు,
చివర చిల్లర. మూడుసార్లు లెక్కపెట్టాం.
పది తక్కువ.
ఆ పది నేనే వేశాను,
పొట్లం వెనక్కి పంపితే రాయాల్సిన కాగితాలు
దానికంటే బరువు కనక.

ఆదివారం మూడో విసురుకే
కప్ప అవతలి గట్టు కింద మునిగిన వేరుకి తగులుకుంది.
లాగితే దారం తెగింది.
"ఆంధ్రాకి ఎల్లిపోనాది," అన్నాడు నాతో,
"ఈ పాలి దాన్ని ఎవుడూ ఆపలేదు."

ఇప్పుడు నా సైకిలు పాత ట్యూబు అడిగి పట్టుకెళ్లి
కత్తెరతో కప్పని కోస్తున్నాడు.
వీపు బాగానే వచ్చింది. కాళ్లే కుదరడం లేదట.
పది రూపాయలు గుర్తు చేస్తే
ఏట్లో ఉంది, కొర్రమట్టని అడగమంటాడు.