ఎనిమిదో నంబరు డ్రమ్ము

ఈ చెట్టును నేను చూడలె.
సూదుల్లాంటి ఆకులంట, మంచు మోస్తదంట,
ఏడాది పొడుగునా పచ్చగనే ఉంటదంట.
ల్యాబుల పనిజేసే షైనీ మేడం
ఫోన్ల బొమ్మ చూపెట్టింది.
అజ్మాన్‌ల, ఇండస్ట్రియల్ ఏరియాల
బయట నలభై ఏడు డిగ్రీల ఎండ.
లోపల నేను
వంద కిలోల తెల్లటి క్రీముల
మూడు వందల గ్రాముల అడవి పోస్త.

మొదటి దినం మూత తీసినప్పుడు
యాదికొచ్చింది చెట్టు కాదు,
కోరుట్ల సర్కారు దవాఖాన.
ఫినాయిలు తుడుపు, తడి నేల మీద చెప్పుల జాడ,
పక్క మంచంల ఎవలో మూలిగిన చప్పుడు.
డబ్బా మీద మాత్రం 'తాజాదనం' అని రాసుంటది.
ఎవలి తాజాదనమో.

పదకొండేండ్లు బీడీలు చుట్టిన వేళ్లు ఇవి.
ఎంత కడిగినా తంబాకు పోకపోయేది,
అన్నం ముద్దల ఘాటు, బిడ్డ చెంపల ఘాటు.
ఇప్పుడు అవే వేళ్లు ముక్కుకాడ పెట్టుకుంటే
ఇంకెవలి చేతులో ఎరువు తెచ్చుకున్నట్టుంటది.
"నువ్వొస్తుంటే సబ్బు నడిచొచ్చినట్టుంటదే"
అంటది రూముల గంగామణి.

ఆగస్టుల ఓ శుక్రవారం గోదాముల ఏసీ ఆగింది.
శనివారం ఎనిమిదో నంబరు డ్రమ్ము విప్పితే
వాసన వంకర తిరిగున్నది.
నానిన తంబాకు ముక్కిపోతే గట్లనే,
పైన తియ్యగ, కింద గీరినట్టు.
కాగితం మీద తేదీ మంచిగనే ఉన్నది.
సూపర్‌వైజర్ కాగితం చూసిండు.
నేను, "పొయ్య" అన్న.
ఆ డ్రమ్ము ధర నా పద్నాలుగు నెలల జీతమంట,
హిందీల చెప్పిండు, రెండుసార్లు.

షైనీ మేడం చిన్న సీసాల పట్కపోయింది.
సాయంత్రం దాక నా చేతులకు పని లేదు,
ఖాళీ డబ్బాలకు మూతలు పెట్టుకుంట కూసున్న.
గాలి తాగి పాడైందట నూనె.
పూసుకుంటే దద్దుర్లెక్కుతదట.
ఎవల మొఖమో, ఏ దేశమో,
అద్దం ముంగట నిలబడి
ఏం తప్పిందో తెలువకుండనే
బొట్టు సరిజేసుకునే మొఖమో,
బొట్టు లేని మొఖమో.

శభాష్ అని ఎవలూ అనలె.
పాడైన నూనెల ఓ క్యాను మాత్రం
క్యాంపు బాత్రూములు కడగమని వాచ్‌మన్‌కిచ్చిన్రు,
బకెట్ నీళ్లకు మూతెడు.

ఆ రాత్రి మూడంతస్తులు, అరవై మంది ఆడోళ్లం
అడవిల పండుకున్నం.
ఫ్యాను వేడిగాలి కొడుతనే ఉన్నది.
గంగామణి నిద్రల
దుప్పటి మీదికి గుంజుకున్నది.