కండె

డండీలో నవంబరు నాలుగింటికే దీపాలడుగుతుంది.
టే నది మీద రైలు వంతెన
సగం మంచులో, సగం నమ్మకంలో.
నేను నేలమాళిగలో
ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు పక్కన కూర్చుని
ఒక క్రోమోజోముకి బట్టలు విప్పుతున్నాను.

పెద్ద విద్యేం కాదు.
విభజన మధ్యలో ఉన్న కణాన్ని పట్టుకోవాలి,
గోడ మీదున్న దొంగని పట్టుకున్నట్టు.
హెపారిన్ చుక్కలు వెయ్యాలి.
హిస్టోన్లు ఒక్కొక్కటీ చేతులు వదిలేస్తాయి.
అంతదాకా చుట్టి చుట్టి దాచుకున్న దారం
ఆసు మీంచి జారిన చిలపలా
మెలికలు మెలికలుగా బయటికొచ్చి పడుతుంది.
కొస వెతికేవాళ్ళకి దొరకదు.

నడిమధ్యన మాత్రం ఏదో మిగులుతుంది.
నల్లగా, పలచగా,
పాత ఆకారాన్ని పట్టుకుని.

దీనికి తెలుగులో పేరు పెట్టాలని మూడేళ్ళుగా చూస్తున్నాను.
అస్థిపంజరం అంటే చచ్చినట్టుంది.
దూలం మరీ బరువు.
సారువ అందామంటే, ఇల్లు లేచాక సారువ విప్పేస్తారు,
దీన్ని ఇంటి లోపలే మరిచిపోయారు.
ఈనె?
వానకి కుళ్ళిన ఆకులో చివరికి మిగిలేది.
ప్రస్తుతానికి అదే వాడుతున్నాను, నాలో నేను.

ఎనిమిదింటికి నేల తుడవడానికి ఎల్స్పెత్ వస్తుంది.
తెర మీద బొమ్మ చూసి కర్ర ఆపింది.
"మా అమ్మ యాప్రాన్ జేబులో ఇలాంటి చిక్కులుండేవి" అంది.
జూట్ మిల్లులో మగ్గాల మోతకి
చెవులు పోగొట్టుకున్న మనిషి వాళ్ళమ్మ.
ఇంట్లోనూ పెదాలు చూసే మాటలట.
చీకట్లో పోట్లాట కుదరదు,
దీపం వెలిగించుకుని తిట్టుకునేవాళ్ళట.

నాకు చిట్టివలస మిల్లు గుర్తొచ్చింది.
మా పైడమ్మత్త రవిక మీద ఎప్పుడూ నార పీచు.
అక్షరం రాదు.
యంత్రం ఒంటి మీద పోతపోసిన ఇనప అక్షరాల్ని
వేలితో తడిమి
"ఇది దీని ఇంటిపేరు" అనేది.
ఆ ఇంటిపేరున్న ఊళ్ళో
నేనిప్పుడు అద్దె కడుతున్నాను.

ఎల్స్పెత్‌కి చెప్పాను:
ఇదిగో ఇది కండెన్సిన్, ఉంగరంలాంటిది,
దారాన్ని తనలోంచి లాగి లాగి మెలిక పెంచుతుంది.
(దాని పేరులోనే కండె ఉందని ఈమెకి ఎలా చెప్పను?)
ఇంకొకతె టోపోఐసోమరేజ్.
పోగు తెంపి, ఆ సందులోంచి మరో పోగుని పోనిచ్చి
ముడి కనబడకుండా అతికేస్తుంది.
తెగిన నూలు అతకడం. అత్త పనీ అదే,
షిఫ్టుకి ఎనిమిది గంటలు.

"మరి కడగకముందు ఇది ఉందా?"

మా ప్రొఫెసరు బారక్లఫ్ కూడా సోమవారం ఇదే అడిగాడు,
ఇంత నెమ్మదిగా కాదు.
ఉన్నదాన్ని చూస్తున్నావా,
నీ ఉప్పునీళ్ళు పేర్చినదాన్నా?

బతికున్న కణంలో చూసినవాళ్ళు చెబుతారు:
కొందరే అక్కడ కదలకుండా ఉంటారు.
మిగతావాళ్ళు వస్తారు, పట్టుకుంటారు, లాగుతారు,
నిమిషాల్లో వెళ్ళిపోతారు.
ఆ చోట మరొకరు నిలబడతారు.
ఆకారం చెదరదు.
చట్రం అనే కన్నా షిఫ్టు అనడమే నయమేమో.
చిట్టివలసలో సైరన్ మోగినప్పుడు
గేటు దగ్గర ఎదురెదురుగా నడిచే రెండు వరసలు,
లోపల మగ్గం ఆగకుండానే.

"తెలీదు" అన్నాను ఎల్స్పెత్‌తో.
"తెలీనిదానికి ఇంత కరెంటా" అని నవ్వి
బకెట్టు తీసుకుని వెళ్ళింది.
తలుపు అద్దం అవతల తిరిగి ఏదో అంది.
పెదాలు కదిలాయి.
ఆ చదువు నాకింకా రాలేదు.

పుస్తకంలో గ్రిడ్డు ముప్ఫై ఒకటి అని రాశాను.
పక్క గడిలో "ఉంది" అని రాసి,
కొట్టేసి,
"కడిగాక ఉంది" అని రాశాను.
నేల ఇంకా తడిగానే ఉంది.
గోడ వారగా నడుచుకుంటూ బయటికొచ్చాను.